ఆ చప్పుడు కింద ఎవరున్నారు?



2025 సెప్టెంబర్ 26న చండీగఢ్ ఆకాశంలో మిగ్-21 ఆఖరిసారి ఎగిరింది. మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. నేనూ చూశాను. ఒక్కసారి చూసి ఊరుకోలేదు, మూడుసార్లు చూశాను. రెండోసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మరీ చూశాను, ఆ చప్పుడు కోసం.

యుద్ధ విమానం పేరెత్తగానే మొహం చిట్లించే మనిషిని కాదు నేను. ఆ విమానం నాకు ఇష్టం. ముక్కు ఉండాల్సిన చోట గుండ్రటి నోరు, ఆ నోట్లోంచి పొడుచుకొచ్చిన శంకువు, త్రికోణాకారపు చిన్న రెక్కలు, వెనక మండే గొట్టం. మనిషి కూర్చోడానికి ఏదో దయతలచి కాస్త చోటు వదిలారు తప్ప మిగతాదంతా ఇంజనే అన్నట్టుంటుంది. 1950లలో సోవియట్ ఇంజనీర్లు గీసిన బొమ్మ అది. ధ్వనికి రెండు రెట్ల వేగంతో వెళ్ళాలి, ఎత్తుకు త్వరగా చేరాలి, శత్రు విమానాన్ని అడ్డుకోవాలి. అంతకు మించి అలంకారం ఏమీ లేదు. అందుకే అందంగా ఉంటుందనుకుంటాను.

ఆ రోజు దానికి జరిగిన మర్యాద చూడండి. వైమానిక దళాధిపతి ఎ.పి. సింగ్ స్వయంగా నడిపారు. ఆ చివరి ప్రదర్శనలో స్క్వాడ్రన్ లీడర్ ప్రియా శర్మ అనే మహిళా పైలట్ కూడా ఎగిరింది. జాగ్వార్లు వచ్చాయి, దాని స్థానంలోకి రావలసిన తేజస్ వచ్చింది. ఆకాశ్ గంగ జట్టు పారాచూట్లతో దిగింది. సూర్యకిరణ్ జట్టు విన్యాసాలు చేసింది. నేలకు దిగాక మిగ్‌లకు రెండు వైపుల నుంచీ నీళ్ళు చిమ్ముతూ వందనం చేశారు. ఒక తపాలా కవరు విడుదల చేశారు. ఫారం 700 అని విమానానికి ఒక పుస్తకం ఉంటుంది. దాని ఆరోగ్యం, మరమ్మతులు, ఎప్పుడెప్పుడు ఎగిరిందీ అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకాన్ని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ చేతిలో పెట్టారు.

62 ఏళ్ళు పనిచేసిన యంత్రానికి అలా వీడ్కోలు చెప్పడంలో తప్పేం లేదు. 1963లో అదే చండీగఢ్‌లో 28వ స్క్వాడ్రన్‌తో మొదలైంది దాని కొలువు. 1971 డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ భవనం మీద మిగ్-21లు దాడి చేశాయి. ఆ రోజే తూర్పు పాకిస్తాన్ గవర్నర్ రాజీనామా చేశాడు. 2018లో అవని చతుర్వేది ఒంటరిగా యుద్ధ విమానం నడిపిన మొదటి భారతీయ మహిళ అయింది మిగ్-21లోనే. ఆమెకు కమిషన్ దక్కింది మన హైదరాబాద్ పక్కనున్న దుండిగల్‌లో. ఇవన్నీ మా క్లాసులో పిల్లలు నాకంటే బాగా చెప్తారు.

నా పేచీ వేరే. నేను తెలుగు పాఠం చెప్పుకునే మనిషిని కదా, ఏది చూసినా వాక్యాల వైపు పోతుంది నా బుద్ధి. ఆ వారమంతా పేపర్లలో, టీవీలలో, మా కాలేజీ పిల్లలు రాసుకొచ్చిన వ్యాసాలలో మిగ్ గురించిన వాక్యాలు పోగేసుకుని చూశాను. అవి మూడు రకాలుగా ఉన్నాయి.

మొదటి రకం: మిగ్ ఢాకాను వణికించింది. మిగ్ శత్రువును తరిమికొట్టింది. మిగ్ మూడు తరాల పైలట్లను తీర్చిదిద్దింది. ఇక్కడ మిగ్ కర్త. పని చేసింది అదే. కొందరు ‘యోధుడు’ అన్నారు, కొందరు ‘గగన వీరుడు’ అన్నారు. ఇనుముకు ప్రాణం వచ్చేసింది.

రెండో రకం: మిగ్ కూలింది. పైలట్ ప్రాణాలు కోల్పోయారు. ముగ్గురు గ్రామస్థులు మృతి చెందారు. ఇప్పుడు వ్యాకరణం మారిపోయింది, గమనించండి. ‘కూలు’ అకర్మక క్రియ. చెట్టు కూలినట్టు, పాత గోడ కూలినట్టు, దానంతటది కూలింది. ‘కూల్చు’ అనే మాట ఎవరి నోటా రాదు. నిన్నటిదాకా ఊళ్ళను వణికించిన వీరుడికి ఇప్పుడు చేతులూ కాళ్ళూ లేవు. దాన్ని కొన్నవాళ్ళు లేరు, ఇంకా కొన్నాళ్ళు నడవనీ అన్నవాళ్ళు లేరు.

మూడో రకం: ప్రాజెక్టు కోసం భూమి సేకరించబడింది. కుటుంబాలు తరలించబడ్డాయి. ఈ ‘బడు’ను మన ఇళ్ళలో ఎవరూ వాడరు. మా అమ్మ ఏనాడూ ‘అన్నం వండబడింది’ అనలేదు. అది దస్తావేజు తెలుగు. కర్తను దాచిపెట్టడానికి దానంత పనికొచ్చేది ఇంకోటి లేదు.

గెలిస్తే కర్త విమానం. కూలితే కర్త లేడు. ఊరు ఖాళీ చేయిస్తే కర్త మాట అటుంచి, అసలు మనుషులే కనబడరు. ఎయిర్ షో అన్నది మొదటి రకం వాక్యాన్ని ఆకాశంలో రాయడం. మిగతా రెండు రకాలూ నేల మీద పడి ఉంటాయి. ఎయిర్ షోలో ఎవరూ నేల వైపు చూడరు కదా.

మనం చూద్దాం.

2023 మే 8. రాజస్థాన్‌లో హనుమాన్‌గఢ్ జిల్లా, బహలోల్ నగర్ అనే ఊరు. సూరత్‌గఢ్ నుంచి ఎగిరిన మిగ్-21 ఒకటి ఆ ఊళ్ళో ఒక ఇంటి మీద పడింది. పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. అతను బతికినందుకు సంతోషం. కింద ముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు. ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు. వాళ్ళు ఏ యుద్ధంలోనూ లేరు. ఏ ప్రదర్శనకూ టికెట్ కొనలేదు.

2012లో అప్పటి రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ పార్లమెంటుకు ఒక లెక్క చెప్పారు. మన దేశం తీసుకున్న 872 మిగ్‌లలో, అంటే అన్ని రకాలూ కలిపి, అప్పటిదాకా 482 ప్రమాదాల పాలయ్యాయి. సగం కంటే ఎక్కువ. 171 మంది పైలట్లు పోయారు. 39 మంది పౌరులు పోయారు. బహలోల్ నగర్ ముగ్గురూ ఆ లెక్క తర్వాతి వాళ్ళు.

171 మందీ 39 మందీ ఎదురుబొదురు పక్షాలు కాదు. ఆ పైలట్లలో చాలామంది కుర్రాళ్ళు. మిగ్-21కు ఒకటే ఇంజను. గాల్లో అది ఆగితే ఆదుకోవడానికి రెండోది లేదు. దిగేటప్పుడు గంటకు 300 కిలోమీటర్ల పైచిలుకు వేగం ఉంటుంది. నెమ్మదిగా ఎగిరే శిక్షణ విమానం మీద నేర్చుకున్న కుర్రాణ్ణి తెచ్చి నేరుగా ఇందులో కూర్చోబెట్టేవారు. సైకిలు దిగినవాణ్ణి లారీ ఎక్కించినట్టు. మధ్యలో ఒక మెట్టు కావాలి, అంటే ఆధునిక జెట్ శిక్షణ విమానం కావాలి అని 1980లలోనే కమిటీ చెప్పింది. ఆ మెట్టు, బ్రిటన్ హాక్ విమానం, మన దళంలోకి వచ్చింది 2008లో. పాతికేళ్ళు. ఆ పాతికేళ్ళలో ఫైళ్ళు నిదానంగా నడిచాయి, విమానాలు వేగంగా ఎగిరాయి. కాబట్టి ‘మిగ్ కూలింది’ అన్న వాక్యానికి కర్త ఉన్నాడు. ఒక్కడు కాదు, వరసగా కుర్చీలు మారిన చాలామంది. పైలట్ల తల్లులు కొందరు ఏళ్ళ తరబడి ఆ కర్త పేరే అడిగారు. వాళ్ళ పక్కన నిలబడటం దేశానికి ఎదురు తిరగడం అవదు.

“మేడమ్, అవి ప్రమాదాలు. ఎయిర్ షో వేరు” అన్నాడు ఒక విద్యార్థి. మంచి ప్రశ్న. ఎయిర్ షోలో ఎంతో జాగ్రత్త ఉంటుంది. జనానికీ విమానం తిరిగే గీతకూ మధ్య దూరం కొలిచి పెడతారు, ఎంత కిందికి రావచ్చో ముందే రాసిపెడతారు. ఆ జాగ్రత్త గ్యాలరీలో కూర్చున్నవాళ్ళ కోసం. గ్యాలరీకి అవతల ఊరుంటుంది.

2010 మార్చి 3న హైదరాబాద్ బేగంపేటలో జరిగింది చెప్తాను. అంతర్జాతీయ విమాన ప్రదర్శన మొదటి రోజు. నౌకాదళానికి చెందిన సాగర్ పవన్ జట్టు కిరణ్ జెట్లతో విన్యాసాలు చేస్తోంది. అందులో ఒకటి అదుపు తప్పి న్యూ బోయినపల్లిలో ఇళ్ళ మధ్య ఒక భవనం మీద పడింది. అందులోని ఇద్దరు అధికారులూ చనిపోయారు. కింద ఉన్నవాళ్ళకు గాయాలయ్యాయి. ఆ ఉదయం బోయినపల్లిలో బట్టలు ఆరేసుకుంటున్నవాళ్ళకు తాము ఒక ప్రదర్శనలో భాగమని ఎవరు చెప్పారు?

అంతకంటే పాత కథ ఇంకోటుంది. అది విమానం ఎగరక ముందు కథ. మా ప్రాంతానికి దగ్గర కథ.

మిగ్-21 మొత్తం రష్యా నుంచే వచ్చిందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ భాగం మన దగ్గరే తయారైంది. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ పనిని మూడు చోట్లకు పంచింది. ఒళ్ళు నాసిక్‌లో. ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్ బాలానగర్‌లో. ఇంజను ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడలో. మా సాలూరు నుంచి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ దాటితే సునాబెడ. చండీగఢ్‌లో నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్న చప్పుడు పుట్టిల్లు మా కొండ అవతలే.

మా మావయ్య తాపీ మేస్త్రీ. సునాబెడ కాలనీలో క్వార్టర్ల మరమ్మతు పనికి వెళ్ళి కొన్నేళ్ళు అక్కడే ఉన్నాడు. ఎండాకాలం సెలవులకు నన్ను తీసుకెళ్ళేవాడు. నీలగిరి చెట్లు, చల్లగాలి, తిన్నటి రోడ్లు. మా పేటలో రోడ్డే లేదు అప్పటికి. ఒక మధ్యాహ్నం ఎక్కడినుంచో పెద్ద హోరు. నేను వంటింట్లోకి పరిగెత్తాను. మావయ్య నవ్వాడు. “ఏటే, బెదిరిపోనావేటి? ఇంజిన్ని తిప్పి సూస్తన్నారు” అన్నాడు. ఆ మాటలో ఎంత గర్వమో. ఆయన గోడలు కట్టిన ఊళ్ళో ఇంజన్లు తయారవుతున్నాయి మరి. ఆ గర్వం న్యాయమైనదే. ఇప్పటికీ అంటాను.

అదే నేల మీద చికాపార్ అనే ఊరుండేది.

గదబలు, పరజలు, డోంబులు కలిసి బతికిన ఊరు. గదబలు మా విజయనగరం, అరకు వైపు కూడా ఉన్నారు, మీకు తెలుసు. డోంబులు ఒడిశాలో షెడ్యూల్డ్ కులం. 1968లో మిగ్ ప్రాజెక్టు కోసం ఆ ఊరిని ఖాళీ చేయించారు. తీసుకున్న భూమి అంతా ప్రాజెక్టుకు వాడనూ లేదు, వాడనిది తిరిగి ఇవ్వనూ లేదు. జనం తమకున్న వేరే చోటికి వెళ్ళి గుడిసెలు వేసుకుని, ఆ చోటికి మళ్ళీ చికాపార్ అనే పేరు పెట్టుకున్నారు. 1987లో అక్కడి నుంచీ లేపారు. ఈసారి నౌకాదళ ఆయుధ డిపో, ఎగువ కొలాబ్ ప్రాజెక్టు. మూడో చోటికి వెళ్ళారు. అక్కడికీ ఖాళీ చేయమని నోటీసులు వచ్చాయి. 1990లలో పి. సాయినాథ్ ఆ ఊరికి వెళ్ళి ఈ సంగతి రాశారు.

ఒక ఊరు మూడుసార్లు. పేరు మాత్రం వదల్లేదు. ఎక్కడికి తరిమితే అక్కడికి ఆ పేరును నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళారు. విమానానికి ఫారం 700 ఉంది. ఏ తేదీన ఏ బోల్టు మార్చారో అందులో ఉంటుంది. ఆ ఊరికి ఉన్న పుస్తకం దాని పేరొక్కటే.

“అయితే ఫ్యాక్టరీలు వద్దా? విమానాలు వద్దా?” అని అడుగుతారు. నాకు ఈ ప్రశ్న అలవాటే. పరిహారం అడిగితే ‘అభివృద్ధి వద్దా’ అంటారు, పేరు అడిగితే ‘దేశం వద్దా’ అంటారు. నేను అడిగేది చాలా చిన్నది. లెక్క పూర్తిగా చెప్పండి అంటున్నాను. వీడ్కోలు సభలో విమానం సాధించినవి చదివినప్పుడు, దాని కింద పోయిన పైలట్ల పేర్లూ, 39 మంది పౌరుల పేర్లూ, బహలోల్ నగర్ ఆడవాళ్ళ పేర్లూ చదవండి. ఇంజను గురించి చెప్పినప్పుడు చికాపార్ అనండి. ఒక నిమిషం పడుతుంది. నీళ్ళు చిమ్మి వందనం చేయడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

ఇదంతా ఒక పీరియడ్‌లో పిల్లలతో మాట్లాడాను. క్లాసు అయ్యాక ఒక అమ్మాయి ఆగింది. బి.ఎస్సీ. రెండో సంవత్సరం. నాన్న కళాసీ, అమ్మ ఉపాధి హామీ పనికి వెళ్తుంది. అగ్నివీర్ వాయు పరీక్షకు చదువుతోంది. ఫోన్ వెనక కవర్‌లో ప్రియా శర్మ ఫొటో, పేపర్లోంచి కత్తిరించినది.

“మేడమ్, అయితే నన్ను వెళ్ళొద్దంటారా?”

ఈ వ్యాసం మొత్తంలో నాకు బరువైన వాక్యం ఇదే. పెద్ద పెద్ద మాటలు చెప్పి, ఇంటికి జీతం తెచ్చే దారి మూసేసే హక్కు నాకెక్కడిది? నాలుగేళ్ళ ఉద్యోగమని ఆమెకు తెలుసు. నలుగురిలో ఒకరికే కొనసాగింపు ఉంటుందనీ తెలుసు. తెలిసే చదువుతోంది. మన పేటల్లో పిల్లలు యూనిఫాం ఎందుకు కోరుకుంటారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ బట్టలో ఉన్నప్పుడు ‘ఎవరి పిల్లవి’ అని అడిగే నోరు ఒక్క క్షణమైనా తడబడుతుంది.

“వెళ్ళమ్మా” అన్నాను. “బాగా చదివి వెళ్ళు. ఆ ఇంజను పక్కన నువ్వు నిలబడాలి. నట్టు బిగించేటప్పుడు సందేహం వస్తే నోరు తెరిచి చెప్పాలి, పై అధికారి విసుక్కున్నా సరే. పైనున్న పైలట్ ప్రాణమూ, కిందనున్న ఇల్లూ రెండూ నీ చేతిలో ఉంటాయి.”

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “చికాపార్ వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు మేడమ్, వెళ్ళి చూడొచ్చా?” అని అడిగింది.

అందుకే వచ్చే నెల రెండో శనివారం సాలూరు నుంచి బస్సులో సునాబెడ వెళ్తున్నాం. ఎనిమిది మంది పిల్లలు, నేను, ఒడియా తెలిసిన ఒక మిత్రుడు. మావయ్య వస్తానన్నాడు. మోకాళ్ళ నొప్పులున్నా దారి తనకే తెలుసట. తలా ఒక నోటుపుస్తకం తెచ్చుకోమన్నాను. ఫోన్లు బ్యాగులోనే ఉండాలి, అడగకుండా ఎవరి ఫొటో తీయకూడదు, పెట్టింది తినాలి.

రాసే పద్ధతి కూడా చెప్పాను. ‘తరలించబడ్డారు’ అని ఒక్కరు రాసినా ఒప్పుకోను. ఎవరు వచ్చారు, ఎవరు చెప్పారు, ఏ కాగితం చూపించారు, ఎంత ఇస్తామన్నారు, ఎంత ఇచ్చారు. ప్రతి వాక్యానికీ కర్త ఉండాలి. ముసలమ్మ ఎవరైనా ‘ఆ రాత్రి’ అని మొదలుపెడితే మధ్యలో ఆపకుండా వినాలి.

రాసుకొచ్చినవి, వాళ్ళు ఒప్పుకుంటే, వచ్చే భాగంలో పెడతాను.